పదిహేను పైసల బిళ్ళ

తంగసాలై అని రాసుంటుంది బోర్డు మీద.
బంగారు బాట అనుకుంటారు కొత్తవాళ్ళు.
మా నాయన మాత్రం పోయేదాకా టంకసాల వీధి అనే అన్నాడు,
నాణెం కొట్టిన చోటుకి ఇంకేం పేరుంటుందిరా అని.
ఇప్పుడక్కడ నాణేలెవరూ కొట్టరు.
స్టీలు గిన్నెలు, పెళ్ళిపత్రికలు, వేడి జిలేబీ,
ఒక మేడమెట్ల కింద
ఒంటి మనిషి పట్టే కొట్లో భభూత్‌మల్ సేటు.

ఆయన నాకు మొదట నేర్పింది అంచు పట్టుకోవడం.
"ముఖం ముట్టకు కండక్టరూ, చెమట తినేస్తుంది."
ముప్ఫైమూడేళ్ళు పల్లవన్ బస్సులో
తోలుసంచిలో చెయ్యి దూర్చి
చూడకుండానే పావలా, పది, ఐదు ఏరిన వేళ్ళివి.
ఎండాకాలం సాయంత్రానికి అన్నం ముద్దలో కూడా
చిల్లర రుచి తగిలేది.

వాటిల్లో ఒక్కటీ దాచుకోలేదు నేను.
నాకు కావలసినవి వేరు.
అచ్చు కొట్టి, చూసి, తల అడ్డంగా ఊపి
పక్కన పెట్టేసినవి.
అంచుకి పది వంకీలా, పన్నెండా తేల్చుకోలేక
రెండు తీర్లా కొట్టి చూసిన అల్యూమినియం తునకలు.
మధ్యలో చిల్లు పెడదామా అని
సగం గుచ్చి వదిలేసిన రాగి బిళ్ళ.
ఒకవైపే బొమ్మ ఉండి
వెనకవైపు తుడిచిన పలకలాంటి సీసం.
ఏ కొంగునా ముడిపడనివి,
ఏ హుండీలోనూ మోగనివి,
బొమ్మా బొరుసా అని ఎవరూ ఎగరెయ్యనివి.

చెల్లని రూకకు గీతలు మెండు, అని మా ఆవిడ దెప్పుతుంది.
నిజమే. భూతద్దం పెట్టి చూడు,
చెల్లిన రూకకు అరిగిపోయిన గీతలన్నీ
దీనికింకా ఉన్నాయి.

ఆడిమాసంలో ఒక వానరోజు
సేటు పొట్లం విప్పాడు.
పదిహేను పైసలు.
అంకె పక్కన ఒంటికాలి మీద కొంగ,
చేపని చూస్తోందో, మనల్నో.
ఎప్పుడు కొట్టారో, ఎవరు వద్దన్నారో ఆయనకీ తెలియదు.
నకిలీ కాదని మాత్రం ఒట్టేశాడు.
నేను స్టూలు మీద అలా కూర్చుండిపోయాను.

పదిహేను పైసల టికెట్టు ఉండేది నా రూట్లో.
జనం ఇరవై ఇచ్చేవాళ్ళు.
నా దగ్గర ఐదు ఉండేది కాదు.
టికెట్టు వెనక పెన్సిలుతో 5 అని రాసి
దిగేటప్పుడు అడగమనేవాణ్ణి.
దిగేటప్పుడు అడిగే తీరిక ఎవరికి?
కాసిమేడులో ఎండుచేపల గంపతో ఎక్కే అంజలై తప్ప.
ఒకరోజు అలాంటి టికెట్లు పద్నాలుగు
దారానికి గుచ్చి మెళ్ళో వేసుకొచ్చింది.
బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.
డెబ్భై పైసలు.
ఇవ్వలేదు. తర్వాత నా రూటు మారింది.

అయితే ఎక్కడో ఒక గదిలో
మా ఇద్దరి పేర్లూ తెలియని మనిషొకడు
మా గొడవే బుర్రలో పెట్టుకుని
ఈ కొంగని గీశాడన్నమాట.
అక్కర్లేదన్నారు పైవాళ్ళు.

పదకొండు నెలలు వాయిదాలు కట్టాను,
పెన్షన్ రోజుకొక గీత సేటు పద్దులో.
ఆఖరి గీత పడ్డ సాయంత్రం
మింట్ స్టాండులో బస్సెక్కి
కుర్ర కండక్టరు చేతిలో పెట్టాను దాన్ని.
అటు తిప్పాడు, ఇటు తిప్పాడు,
బొటనవేలితో కొంగని రుద్దాడు.
"సెల్లాదు సార్."
మా భాషలోనూ అదే మాట, కాస్త యాస తేడా.
తెలుసయ్యా, అని పదిరూపాయల నోటిచ్చాను.
చిల్లర దిగేటప్పుడు అడగమన్నాడు.
దిగేటప్పుడు మరిచిపోయాను.

మర్నాడు సేటు చూసి నెత్తి కొట్టుకున్నాడు.
కొంగ మెడ మీద వేలిముద్ర,
సగం ధర పోయిందట.
అమ్మేదుంటే కదా.
ఇంటికి తెచ్చి మా ఆవిడకి అద్దంలోంచి చూపించాను,
గీతలు ఇంకొన్ని పెరిగాయి, చూడు.